సాయం నుంచి చమురు దాకా: సోమాలియాలో టర్కీ ఏం చేస్తోంది, ఏం ఆశిస్తోంది

క్లుప్తంగా: ఇస్తాంబుల్ నుంచి సోమాలియా రాజధాని మొగదిషుకు దాదాపు 4,600 కిలోమీటర్ల దూరం. రెండు దేశాల మధ్య ఉమ్మడి సరిహద్దు లేదు, ఉమ్మడి భాష లేదు, 2011 దాకా చెప్పుకోదగ్గ వ్యాపారమూ లేదు. ఆ ఏడాది కరవు సహాయంతో మొదలైన బంధం రేవు, విమానాశ్రయ నిర్వహణకూ, అక్కడి నుంచి సైనిక శిక్షణకూ, 2024 తర్వాత సముద్రగర్భ చమురు అన్వేషణకూ విస్తరించింది. రెండు దేశాలకూ ఉమ్మడిగా ఉన్న ఇస్లాం మతం ఈ బంధానికి తలుపు తీసింది. నిలబెట్టింది మాత్రం కాంట్రాక్టులు. ఇకపై లాభనష్టాలు తేలేది కూడా ఆ కాంట్రాక్టుల్లోని షరతుల దగ్గరే.

కరవు తెరిచిన దారి

1991లో సియాద్ బారే ప్రభుత్వం కూలిపోయాక సోమాలియాలో కేంద్ర పాలన పేరుకే మిగిలింది. వాయవ్య భాగం సోమాలీలాండ్ పేరుతో విడిపోతున్నట్టు అదే ఏడాది ప్రకటించుకుంది. మిగిలిన చోట తెగల సాయుధ దళాలు, ఆ తర్వాత అల్-షబాబ్ అనే ఇస్లామిస్టు సాయుధ సంస్థ. నౌకాదళం చెదిరిపోయింది, కస్టమ్స్ వసూళ్లు ఎవరి చేతిలో రేవు ఉంటే వారివయ్యాయి.

2011 జులైలో దక్షిణ సోమాలియాలో కరవు నెలకొందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ దాకా సుమారు 2.58 లక్షల మంది చనిపోయారనీ, వారిలో సగానికి పైగా ఐదేళ్లలోపు పిల్లలేననీ తర్వాత జరిగిన అధ్యయనం అంచనా వేసింది. 2011 ఆగస్టు మొదటి వారంలోనే అల్-షబాబ్ మొగదిషు నగరాన్ని వదిలి వెనక్కు తగ్గింది. ఆగస్టు 19న అప్పటి టర్కీ ప్రధాని రెసెప్ తయ్యిప్ ఎర్డోగాన్ కుటుంబంతో, మంత్రులతో కలిసి అక్కడ దిగారు. ఆఫ్రికా బయటి దేశపు అధినేత మొగదిషులో అడుగుపెట్టడం దాదాపు ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి. నవంబరుకల్లా టర్కీ రాయబార కార్యాలయం మళ్లీ తెరుచుకుంది.

దీన్ని కేవలం ఒక నాయకుడి చొరవగా చూస్తే సగమే అర్థమవుతుంది. ఆఫ్రికా వైపు చూడాలన్న ప్రణాళికను టర్కీ రాజధాని అంకారా 1998లోనే రాసుకుంది. 2005ను ‘ఆఫ్రికా సంవత్సరం’గా ప్రకటించింది. 2008లో ఇస్తాంబుల్‌లో టర్కీ–ఆఫ్రికా తొలి శిఖరాగ్ర సదస్సు జరిగింది. యూరోపియన్ యూనియన్‌లో సభ్యత్వ చర్చలు నత్తనడకన సాగుతున్న రోజులవి. టర్కీ నిర్మాణ సంస్థలకు కొత్త మార్కెట్లు కావాలి. అప్పటికే ఉన్న విధానానికి సోమాలియా కరవు ఒక సందర్భాన్ని ఇచ్చింది.

నైరోబీలో కూర్చోకుండా

ఆ కాలంలో సోమాలియాతో వ్యవహరించే పాశ్చాత్య రాయబారులు, సహాయ సంస్థలు చాలావరకు పొరుగున కెన్యా రాజధాని నైరోబీలో ఉండేవి. భద్రతా కారణాలు నిజమైనవే. కానీ దానివల్ల ప్రతి పనికీ మధ్యవర్తులు పెరిగేవారు. నైరోబీలో ఖర్చు, అక్కడి నుంచి విమానాలు, స్థానిక ఉప కాంట్రాక్టర్లు, వారికి కాపలా దళాలు. సోమాలియా పేరుతో మంజూరైన డబ్బులో గణనీయమైన భాగం సోమాలియా చేరకముందే ఖర్చయ్యేది.

టర్కీ తన మనుషులను నేరుగా మొగదిషులోనే దించింది. ప్రభుత్వ సహాయ సంస్థ టికా, టర్కీ రెడ్ క్రెసెంట్, మత వ్యవహారాల ఫౌండేషన్, ఇంజినీర్లు, డాక్టర్లు అందరూ ఒకే నగరంలో పనిచేశారు. పనులు కూడా కంటికి కనిపించేవే ఎంచుకున్నారు: రోడ్లు, చెత్త తరలింపు, ఆసుపత్రి. పాత డిగ్ఫర్ ఆసుపత్రిని సుమారు 200 పడకలతో పునర్నిర్మించి 2015 జనవరిలో ప్రారంభించారు. దానికి ఎర్డోగాన్ పేరే పెట్టారు.

అన్నిటికన్నా ఎక్కువ మార్పు తెచ్చింది విమానం. 2012 మార్చిలో టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఖార్టూమ్ మీదుగా మొగదిషుకు సర్వీసు మొదలుపెట్టింది. అప్పటిదాకా ప్రపంచ స్థాయి విమానయాన సంస్థ ఏదీ అక్కడికి వచ్చేది కాదు. విమానం వస్తే విదేశాల్లో స్థిరపడ్డ సోమాలీలు డబ్బుతో తిరిగొస్తారు, వ్యాపారులు ఇస్తాంబుల్ వెళ్లి సరుకు చూసుకుంటారు, రోగులు, విద్యార్థులు వెళ్తారు. టర్కీ సరుకుకు మార్కెట్ ఏర్పడింది ఈ దారిలోనే. 2010లో రెండు దేశాల వ్యాపారం ఏడాదికి 50 లక్షల డాలర్ల స్థాయిలో ఉండేది. ఇటీవలి ఏళ్లలో అది 40 కోట్ల డాలర్లు దాటింది. ఇందులో దాదాపు అంతా టర్కీ ఎగుమతులే. సోమాలియా ప్రధాన సరుకు పశువులు. అవి ఎప్పటిలాగే ఎర్ర సముద్రం, ఏడెన్ సింధుశాఖ దాటి గల్ఫ్ దేశాలకు వెళ్తాయి. టర్కీకి అమ్మేందుకు సోమాలియా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఈ అసమతౌల్యం ముందుముందు చమురు ఒప్పందాన్ని అర్థం చేసుకోవడానికి కీలకం.

మనుషులను అక్కడే ఉంచడానికి మూల్యమూ చెల్లించాల్సి వచ్చింది. 2011 అక్టోబరులో విద్యాశాఖ కార్యాలయం దగ్గర జరిగిన ట్రక్కు బాంబు పేలుడులో, టర్కీ స్కాలర్‌షిప్ ఫలితాల కోసం వచ్చిన విద్యార్థులు అనేకమంది చనిపోయారు. 2013 జులైలో టర్కీ రాయబార సిబ్బంది ఉండే భవనంపై ఆత్మాహుతి దాడి జరిగింది.

రేవు, విమానాశ్రయం: ఆదాయం ఎలా పంచుకుంటారు

సహాయం వ్యాపారంగా మారింది ఇక్కడ. మొగదిషు విమానాశ్రయ నిర్వహణను 2013లో ఫావోరి అనే టర్కీ సంస్థ తీసుకుంది. రేవును 2014 సెప్టెంబరులో అల్‌బైరక్ గ్రూపు చేపట్టింది. రేవు ఆదాయంలో సోమాలియా ప్రభుత్వానికి 55 శాతం, కంపెనీకి 45 శాతం.

ఈ పద్ధతి ఇరుపక్షాలకూ ఎందుకు నచ్చిందో చూడాలి. ప్రభుత్వం దగ్గర పెట్టుబడి లేదు. అప్పు పుట్టదు, ఎందుకంటే పాత బకాయిల వల్ల అంతర్జాతీయ సంస్థలు అప్పటికి రుణం ఇవ్వవు. కంపెనీ తన డబ్బుతో క్రేన్లు తెచ్చి, ఓడలు వేచి ఉండే సమయం తగ్గించి, పెరిగిన రాబడిలోంచి తన వాటా తీసుకుంటుంది. ప్రభుత్వానికి మరో లాభమూ ఉంది. రేవులోకి వచ్చిన సరుకు కాగితం మీదికి ఎక్కితే కస్టమ్స్ సుంకం దాచడం కష్టం. సోమాలియా సమాఖ్య ప్రభుత్వపు సొంత రాబడి 2023లో సుమారు 33 కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగం కస్టమ్స్ సుంకాలదే, అదీ ప్రధానంగా ఈ ఒక్క రేవుదే. అంటే దేశ ఖజానాకు ప్రధాన ద్వారం ఒక విదేశీ కంపెనీ నిర్వహణలో ఉంది.

నష్టపోయినవారూ ఉన్నారు. క్రేన్లు, వాహనాలు వస్తే ఉపాధి పోతుందని రేవు హమాలీలు ఆందోళనకు దిగారు. కాంట్రాక్టును బహిరంగ పోటీ టెండరుతో ఇవ్వలేదన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. పోటీ లేకపోతే 45 శాతం ఎక్కువో తక్కువో పోల్చి చూసే కొలబద్ద ఉండదు. ఈ లోపం తర్వాతి ఒప్పందాలన్నిటిలోనూ మళ్లీ కనిపిస్తుంది.

చైనాతో పోలిస్తే ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆఫ్రికాలో చైనా ప్రాజెక్టులు ఎక్కువగా రుణంతో నడిచాయి. సోమాలియాలో టర్కీ ప్రధానంగా గ్రాంట్లు, రాబడి వాటా కాంట్రాక్టులు వాడింది. అందుకే 2023 డిసెంబరులో సోమాలియాకు 450 కోట్ల డాలర్ల రుణమాఫీ ఖరారైనప్పుడు టర్కీ అప్పు పెద్ద అంశం కాలేదు. ఆ మాఫీతో విదేశీ రుణం 2018లో స్థూల దేశీయోత్పత్తిలో 64 శాతం ఉన్నది 6 శాతం లోపుకు దిగింది.

శిబిరం, తుపాకులు, డ్రోన్లు

2017 సెప్టెంబరు 30న మొగదిషు శివారులో టర్క్‌సోమ్ శిక్షణ శిబిరం మొదలైంది. విస్తీర్ణం దాదాపు 4 చదరపు కిలోమీటర్లు, ఖర్చు 5 కోట్ల డాలర్లు, ఒకేసారి 1,500 మందికి శిక్షణ ఇచ్చే వీలు. విదేశంలో టర్కీ కట్టిన అతిపెద్ద సైనిక శిక్షణ కేంద్రంగా దీన్ని చెబుతారు. ఇక్కడి నుంచి ‘గోర్‌గోర్’ కమాండో దళాలు వచ్చాయి. పోలీసుల్లో ‘హరంఅద్’ ప్రత్యేక దళానికి కూడా టర్కీయే శిక్షణ ఇస్తోంది. అల్-షబాబ్‌పై దాడుల్లో బైరక్తార్ టీబీ2 డ్రోన్లు పాల్గొంటున్నాయి. సోమాలియా ప్రభుత్వంపై ఉన్న ఆయుధ ఆంక్షలను భద్రతా మండలి 2023 డిసెంబరు 1న పూర్తిగా ఎత్తేయడంతో సరఫరా ఇంకా తేలికైంది.

సైన్యాన్ని నిర్మించడంలో టర్కీ పద్ధతికి ఒక బలం ఉంది. వేర్వేరు తెగల యువకులను ఒకేచోట, ఒకే రకం ఆయుధాలతో, ఒకే భాషలో తర్ఫీదు చేయడం వల్ల దళంలో ఐక్యత వస్తుంది. ఇతర దేశాలు శిక్షణ ఇచ్చిన దళాలు జీతాలు అందక చెదిరిపోయిన ఉదంతాలు సోమాలియాలో చాలా ఉన్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (క్లుప్తంగా ఎమిరేట్స్) ఉదాహరణే చూడవచ్చు. 2018 ఏప్రిల్‌లో మొగదిషు విమానాశ్రయంలో ఎమిరేట్స్ విమానం నుంచి 96 లక్షల డాలర్ల నగదును సోమాలియా అధికారులు స్వాధీనం చేసుకున్నారు. అది సైనికుల జీతాలకేనని ఎమిరేట్స్ చెప్పింది. ఆ గొడవతో వారి శిక్షణ కార్యక్రమమే ఆగిపోయింది.

అదే ఐక్యత ప్రమాదంగానూ మారవచ్చు. గట్టి దళం ఎవరి ఆజ్ఞలో ఉంటే వారికి రాజకీయ బలం. 2020 డిసెంబరులో ఎన్నికల వివాదం ముదురుతున్న వేళ, హరంఅద్‌కు 1,000 జీ3 రైఫిళ్లు, 1.5 లక్షల తూటాలు పంపొద్దని ప్రతిపక్ష నేతలు టర్కీ రాయబారికి లేఖ రాశారు. వాటిని తమపైనే వాడతారని వారి భయం. మరుసటి ఫిబ్రవరిలో మొగదిషు వీధుల్లో ప్రభుత్వ దళాలు, ప్రతిపక్ష అనుచరుల మధ్య కాల్పులు జరిగాయి. ఉగ్రవాదంపై పోరుకు ఇచ్చిన శిక్షణ దేశీయ అధికార పోరులో ఒక పక్షానికి తోడయ్యే అవకాశం నేటికీ తొలగిపోలేదు.

2024: సముద్రం మీదికి

2024 జనవరి 1న ఇథియోపియా, సోమాలీలాండ్‌తో ఒక అవగాహన పత్రం కుదుర్చుకుంది. సముద్రతీరం లేని ఇథియోపియాకు 20 కిలోమీటర్ల తీరాన్ని 50 ఏళ్ల లీజుకు ఇవ్వడం, బదులుగా సోమాలీలాండ్‌ను గుర్తించే అంశాన్ని పరిశీలించడం దాని సారాంశం. మొగదిషు దీన్ని సార్వభౌమత్వంపై దాడిగా భావించింది. తన దగ్గర నౌకాదళం లేదు. ఐదు వారాలకే, ఫిబ్రవరి 8న, అంకారాలో ఇరుదేశాల రక్షణ మంత్రులు రక్షణ, ఆర్థిక సహకార ఒప్పందంపై సంతకాలు చేశారు. 21న సోమాలియా పార్లమెంటు దాన్ని ఆమోదించింది. గడువు పదేళ్లు. టర్కీ సోమాలియా జలాలను కాపాడటంలో తోడ్పడుతుంది, నౌకాదళాన్ని నిర్మిస్తుంది.

సముద్ర వనరుల ఆదాయంలో 30 శాతం టర్కీకి వెళ్తుందన్న మాట అప్పట్లో వార్తల్లో విస్తృతంగా వచ్చింది. పూర్తి పాఠం ప్రజల ముందు పెట్టకపోవడంతో పుకార్లకూ వాస్తవానికీ మధ్య గీత చెరిగిపోయింది. ఇంత పెద్ద ఒప్పందాన్ని రెండు వారాల్లోపే ఆమోదించి, పాఠాన్ని దాచడం సోమాలియా ప్రభుత్వం చేసిన తప్పు.

ఆ మార్చిలో చమురు, గ్యాస్ సహకార ఒప్పందం కుదిరింది. టర్కీ ప్రభుత్వ చమురు సంస్థ టీపీఏఓకు ఒక్కోటి దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల చొప్పున మూడు సముద్ర బ్లాకులు దక్కాయి. అక్టోబరులో ‘ఒరుచ్ రెయిస్’ సర్వే నౌక యుద్ధనౌకల రక్షణలో అక్కడికి చేరింది. ఇలాంటి నౌక నీటిలోకి సంపీడన గాలిని వదిలి ధ్వని తరంగాలు పుట్టిస్తుంది. అవి సముద్రగర్భ పొరలను తాకి తిరిగొస్తే, వెనక లాగే పొడవాటి తీగల్లోని గ్రాహకాలు నమోదు చేస్తాయి. దాంతో పొరల ఆకారం తెలుస్తుంది. ఆ పొరలో చమురుందా, నీరుందా అన్నది బావి తవ్వితేనే తేలుతుంది. లోతైన సముద్రంలో ఒక్క అన్వేషణ బావికి కోట్ల డాలర్లు ఖర్చవుతాయి. అది ఖాళీగా తేలే అవకాశమూ ఎక్కువే.

నల్ల సముద్రంలో దాదాపు 2,000 మీటర్ల లోతు నీటిలో సకార్య గ్యాస్ క్షేత్రాన్ని టర్కీ 2020లో కనుగొని 2023లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అనుభవం, సొంత డ్రిల్లింగ్ నౌకలు ఉన్నాయి. అయితే సకార్య గ్యాస్ వెళ్లాల్సిన మార్కెట్, పైపులైన్లు పక్కనే టర్కీ తీరంలో ఉన్నాయి. సోమాలియా తీరంలో అవేవీ లేవు. గ్యాస్ దొరికితే వాడుకునే పరిశ్రమ లేదు, చమురు దొరికితే నేరుగా ఓడలకెక్కించాలి. కాబట్టి అన్నీ కలిసొచ్చినా సకార్యలా మూడేళ్లలో రాబడి ఆశించడం అత్యాశే.

వంద పీపాల లెక్క

ఒప్పందం టర్కీ పార్లమెంటుకు చేరాక 2025లో షరతులు బయటికొచ్చాయి. వాటిలో రెండు అంకెలు అందరి దృష్టినీ ఆకర్షించాయి. సోమాలియాకు రాయల్టీ గరిష్ఠంగా 5 శాతం. కంపెనీ పెట్టిన ఖర్చును రాబట్టుకునేందుకు ఏటా ఉత్పత్తిలో 90 శాతం దాకా తీసుకోవచ్చు.

వంద పీపాలు వస్తే ఐదు రాయల్టీ. తొంభై దాకా ఖర్చు కింద కంపెనీకి. మిగిలిన ఐదు పీపాలే ‘లాభం’గా పంచుకోవడానికి ఉంటాయి. ‘టర్కీకి 90 శాతం, సోమాలియాకు 5 శాతం’ అన్న ప్రచారం ఇక్కడి నుంచే పుట్టింది. అది పూర్తిగా నిజం కాదు. ఖర్చు రికవరీకి అంతం ఉంటుంది. పెట్టుబడి మొత్తం వసూలయ్యాక ఆ 90 శాతం పరిమితి వర్తించే ఖర్చే తగ్గిపోతుంది, లాభం వాటా పెరుగుతుంది. పరిమితి ఎక్కువగా ఉంటే మొదటి ఏళ్లలో ప్రభుత్వానికి చేతికొచ్చేది తక్కువ, అంతే. 60 శాతం పరిమితి ఉంటే మొదటి ఏడాది నుంచే కొంత వస్తుంది, కానీ రికవరీ ఎక్కువ ఏళ్లు సాగుతుంది.

అసలు చిక్కు వేరు. ఇది పెట్టుబడి పోను మిగిలింది పంచుకునే పొత్తు సేద్యం లాంటిది. లెక్క రాసేవాడి చేతిలోనే అంతా ఉంటుంది. ఖర్చు ఎంత చూపితే రికవరీ అన్నాళ్లు సాగుతుంది. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. కాకినాడ తీరానికి ఆవల కేజీ-డీ6 క్షేత్రం ఇదే తరహా ఉత్పత్తి పంపకం ఒప్పందంతో నడిచింది. 2009లో గ్యాస్ మొదలైంది. అనుకున్నంత రాలేదు. పెట్టిన ఖర్చు సబబేనా అన్న దానిపై కాగ్ ప్రశ్నలు లేవనెత్తింది, కేంద్రం కొంత ఖర్చును అంగీకరించలేదు, వ్యవహారం మధ్యవర్తుల దాకా వెళ్లింది. ఆ అనుభవంతోనే భారత్ 2016లో కొత్త బ్లాకులకు ఖర్చుతో నిమిత్తం లేని ఆదాయ పంపకం పద్ధతికి మారింది. కాగ్, చమురు నియంత్రణ సంస్థ, కోర్టులు ఉన్న దేశమే ఏళ్ల తరబడి లెక్కలతో కుస్తీ పట్టింది. సోమాలియా చమురు చట్టం 2020లో వచ్చింది, నియంత్రణ సంస్థకు అనుభవం లేదు. లోతైన సముద్రపు డ్రిల్లింగ్ నౌక రోజువారీ అద్దె న్యాయమైనదో కాదో చెప్పగల ఆడిటర్లు మొగదిషులో దొరకడం కష్టం. ఆ నౌక టర్కీ ప్రభుత్వ సంస్థదే అయినప్పుడు, ఖర్చు చూపేవారూ వసూలు చేసేవారూ ఒకరే అవుతారు. సంతకం బోనస్ లాంటి ముందస్తు చెల్లింపులు కూడా ఈ ఒప్పందంలో లేవు.

టర్కీ వైపు వాదనకూ బలం ఉంది. భద్రత లేని, ఒక్క బావీ ఉత్పత్తిలోకి రాని సముద్రంలోకి పెద్ద కంపెనీలు రావడం లేదు. నష్టభయం మొత్తం టీపీఏఓదే. బావి ఖాళీ అయితే సోమాలియా ఒక్క డాలరు కూడా ఇవ్వక్కర్లేదు. చమురు, గ్యాస్ అవసరాల్లో అత్యధిక భాగం దిగుమతి చేసుకునే టర్కీ ఈ పందెం వేయగలుగుతోంది. కాబట్టి సోమాలియా అడగాల్సింది శాతాన్ని మార్చమని మాత్రమే కాదు, ఖర్చులను స్వతంత్రంగా తనిఖీ చేసే హక్కును కూడా.

సోమాలీలాండ్, ఇథియోపియా, గల్ఫ్

టర్కీకి ఇథియోపియాలోనూ పెట్టుబడులు ఉన్నాయి, అక్కడికీ డ్రోన్లు అమ్మింది. అందుకే ఒక పక్షం వహించకుండా మధ్యవర్తిగా కూర్చుంది. 2024 డిసెంబరు 11న అంకారాలో ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్, సోమాలియా అధ్యక్షుడు హసన్ షేక్ మొహముద్ ఉమ్మడి ప్రకటన చేశారు. సోమాలియా సార్వభౌమత్వం కింద ఇథియోపియాకు సముద్ర మార్గం కల్పించేందుకు చర్చలు జరపాలన్నది దాని సారం.

మరోవైపు ఎమిరేట్స్ కంపెనీ డీపీ వరల్డ్ 2016లో కుదిరిన ఒప్పందంతో సోమాలీలాండ్‌లోని బెర్బెరా రేవులో ఉంది. 2025 డిసెంబరు 26న ఇజ్రాయెల్ సోమాలీలాండ్‌ను గుర్తించింది. ఐక్యరాజ్యసమితి సభ్య దేశాల్లో ఇదే మొదటిది. టర్కీ వెంటనే ఖండించింది. ఈ స్పందనలో సిద్ధాంతంతో పాటు లెక్క కూడా ఉంది. టర్కీ ఒప్పందాలన్నీ మొగదిషు ప్రభుత్వం సంతకం చేసినవి. సోమాలియా విడిపోతే లేదా ఆ ప్రభుత్వం బలహీనపడితే ఆ సంతకాల విలువ తగ్గుతుంది.

ఎక్కడ బెడిసికొట్టవచ్చు

మూడు చోట్ల. మొదటిది టర్కీ సొంత ఆర్థిక పరిస్థితి. లీరా విలువ పడిపోతూ, ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉన్న దేశం దూరదేశంలో సైన్యానికి, నౌకలకు ఎన్నాళ్లు ఖర్చు పెడుతుందన్నది చెప్పలేం. 2013లో నెలకు 45 లక్షల డాలర్ల చొప్పున సోమాలియా బడ్జెట్‌కు ఇచ్చిన నగదు సాయాన్ని ఆ ఏడాది చివర్లోనే ఆపేసిన అనుభవం ఉంది. రెండోది అల్-షబాబ్. తీరం దగ్గర పట్టు సాధించకుండా సముద్రంలో పరికరాలు నిలబెట్టడం కష్టం, సిబ్బందికి, సరఫరాలకు మొగదిషు విమానాశ్రయమే దారి.

మూడోది అన్నిటికన్నా గట్టిది. సహజ వనరుల పంపకాన్ని సమాఖ్య ప్రభుత్వం, సభ్య రాష్ట్రాలు చర్చించి అంగీకారానికి రావాలని 2012 తాత్కాలిక రాజ్యాంగంలోని 44వ అధికరణం చెప్పింది. ఆ సమాఖ్యే ఇప్పుడు గట్టిగా లేదు. 2024 మార్చిలో పుంట్‌లాండ్ సమాఖ్య ప్రభుత్వాన్ని గుర్తించడం మానేసింది. ఆ ఏడాది చివర్లో జుబాలాండ్ దళాలకూ సమాఖ్య సేనలకూ రాస్ కంబోనీ దగ్గర పోరు జరిగింది. రెండు రాష్ట్రాలకూ పొడవైన తీరం ఉంది. తమ తీరానికి ఎదురుగా చమురు పడితే వాటా ఎంతో తేల్చకుండా మొగదిషు ఒక్కటే చేసిన సంతకాన్ని అవి ఒప్పుకునే సూచనలు లేవు. అంకారా ఇప్పటిదాకా మాట్లాడింది ప్రధానంగా మొగదిషుతోనే. చమురు బయటికొచ్చేలోపు పుంట్‌లాండ్ పాలనా కేంద్రం గరోవే, జుబాలాండ్ పాలనా కేంద్రం కిస్మాయోలతో కూడా మాట్లాడాల్సి ఉంటుంది.